సూది ఆమెది, చీటీ ఎవరిది?

హనుమకొండలో మా పెద్దమ్మ వాళ్లింటి గేటుకు బోర్డేమీ లేదు. అయినా ఆ వాడకట్టులో ఆ ఇల్లు అందరికీ తెలుసు. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. పొద్దున ఏడింటికే ఎవరో ఒకరు గేటు తీస్తారు. బీపీ చూడమని ఒకరు, ఇన్సులిన్ ఎట్లా తీసుకోవాలో మళ్లోసారి చూపించమని ఒకరు, ఆపరేషన్ కుట్ల మీద కట్టు మార్చమని ఒకరు. డబ్బులు మాత్రం తీసుకోదు. "తీసుకుంటే అది ప్రాక్టీస్ అయితది బిడ్డా" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నవ్వులాటకు అన్నదనుకున్నాను.

ఒకసారి పండగకు నేనక్కడ ఉండగా ఒకాయన చేతిలో ఇంజెక్షన్ సీసా, సిరంజి పట్టుకుని వచ్చాడు. మెడికల్ షాపులో కొనుక్కొచ్చాడట.

"చీటీ ఉన్నదా తమ్మీ?"

"చీటీ ఎందుకక్కా, జర ఎయ్యరాదు. జ్వరం తగ్గుతలేదు."

"చీటీ లేకుంట నేనియ్య."

"సరే తియ్. చౌరస్తల ఆరెంపీ అడగకుంటనే ఇస్తడు."

ఆయన వెళ్లిపోయాడు. పెద్దమ్మ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, "ఇచ్చే హక్కు వానికి లేదు, వాడిస్తడు. నాకు చేతనైతది, నేనియ్య" అంది. కోపం కూడా లేదు ఆ మాటలో. నెల జీతం లెక్క చెప్పినట్టు చెప్పింది.

నేను చట్టాలు చదివే మనిషిని కాదు, కోడ్ రాసుకునే వాణ్ని. కానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న పట్టుకుంది. డబ్బు తీసుకుంటే ప్రాక్టీస్ అవుతుందని పెద్దమ్మకు ఎవరు చెప్పారు? ఏ చట్టంలో ఉంది? వెతుకుతూ పోతే వందేళ్ల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ముందు ఆ 'ఆరెంపీ' మాట సంగతి చూడాలి. చట్టంలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. రాష్ట్ర మెడికల్ రిజిస్టర్లో పేరున్న డాక్టరు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులు అమ్మాలంటే ఈ ఆర్ఎంపీ రాసిన చీటీ కావాలి. తెలంగాణ ఊళ్లల్లో మాత్రం ఆరెంపీ అంటే ఏ రిజిస్టర్లోనూ పేరు లేనాయన. ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని, గ్లూకోజులు పెట్టేవాడు. చట్టం అత్యున్నత అధికారమిచ్చిన పేరునే జనం అధికారం లేనివాడికి తగిలించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వై.ఎస్. హయాంలో వీళ్లకు శిక్షణ ఇచ్చి 'కమ్యూనిటీ పారామెడిక్' చేస్తామని కూడా బయల్దేరింది. ఈ మధ్య తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వాళ్లు దాడులు చేసి కేసులు పెడుతున్నారు. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. అంటే ప్రభుత్వాలు ఆరెంపీని ఒకసారి బుజ్జగిస్తాయి, ఒకసారి బెదిరిస్తాయి. రెండిట్లోనూ ఆయనొకడున్నాడని ఒప్పుకుంటాయి. మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివిన మనిషి అదే వీధిలో ఉందన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా రాదు.

అట్లా అని ఆమె చట్టానికి తెలియని మనిషి కాదు. డాక్టర్లకున్నట్టే ఆమెకూ రిజిస్టర్ ఉంది, కౌన్సిల్ ఉంది. పాతవే. ఇప్పుడు తెలంగాణలో నర్సుల పేర్లు నమోదు చేసే కౌన్సిల్‌కు మూలం 1926లో మద్రాసులో చేసిన నర్సులు, మంత్రసానుల చట్టం. అప్పటికి ఓరుగల్లు నిజాం రాజ్యంలో ఉంది. మద్రాసు శాసనసభకు ఈ ఊరితో సంబంధమే లేదు. ఆంధ్రరాష్ట్రం మీదుగా, ఆంధ్రప్రదేశ్ మీదుగా, పేరు మార్చుకుంటూ మార్చుకుంటూ ఆ చట్టం ఇక్కడికి చేరింది. వలస వచ్చిన చట్టం.

ఆ 1926 చట్టం నర్సులతో పాటు మిడ్‌వైఫ్‌లను, దాయీలను కూడా లెక్కలోకి తీసుకుంది. ఈ దాయీ మన మంత్రసానే. నర్సింగ్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఫ్లారెన్స్ నైటింగేల్‌తో మొదలుపెడతారు. మా జిల్లా వరకు ఆ కథ మిషన్ దవాఖానలతో, నన్‌లతో మొదలవుతుంది. ఇప్పటికీ నర్సును 'సిస్టరమ్మ' అనడం ఆ మఠాల వాసనే. కానీ స్వతంత్ర ప్రాక్టీస్ చరిత్రను అక్కడ మొదలుపెడితే తప్పుదారి పడతాం. మన ఊళ్లల్లో ఎవరి కిందా కాకుండా, కబురొస్తే తనంతట తాను ఇంటికెళ్లి, చేతుల్తో పని చేసి, ప్రతిఫలం తన చేతిలోనే తీసుకున్న ఆడమనిషి మంత్రసాని. ఒక కుంచెడు బియ్యం, ఒక చీర. చాలా ఊళ్లల్లో మంగలి, చాకలి కులాల ఆడవాళ్లు. ఆమె చేతుల్లో చనిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. బొడ్డు కోసిన కొడవలి, ధనుర్వాతం, అన్నీ నిజమే. నేను ఆమెను దేవతను చేయడంలేదు. కానీ వృత్తి అన్న మాటకు అర్థం చెప్పుకోవాలంటే ఆమెది వృత్తి. తర్వాత వచ్చిన చదువుకున్న నర్సుది ఉద్యోగం.

ఇంగ్లండులో ఈ మార్పు ఇంకోలా జరిగింది. అక్కడ 1902 చట్టం మిడ్‌వైఫ్‌ను ముందు పేరు నమోదు చేయించుకోమంది. నమోదయ్యాక మామూలు కాన్పు ఆమె సొంత బాధ్యత. తేడా వస్తేనే డాక్టర్ని పిలవాలి. నర్సుల రిజిస్టర్ ఆ తర్వాత 1919లో వచ్చింది. ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే ఆమె దానికోసం మూడు దశాబ్దాలు పోట్లాడి, చివరికి రిజిస్టర్లో మొదటి నంబరు తన పేరున రాయించుకుంది. మనకు రిజిస్టర్ వచ్చింది. 'ఇది ఆమె సొంత బాధ్యత' అన్న వాక్యం మాత్రం ఓడ ఎక్కలేదు.

స్వాతంత్య్రానికి ముందటి ఏడాది, 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉన్నారని అది తేల్చింది. సరిగ్గా చదవండి, డాక్టర్లకంటే నర్సులు తక్కువ. అదే నివేదిక ఇంకో సిఫారసు చేసింది. అప్పటిదాకా ఎల్ఎంపీ అని తక్కువ కాలం చదివి ప్రాక్టీస్ పెట్టుకునే లైసెన్షియేట్ డాక్టర్లు ఉండేవాళ్లు. ఆ మెట్టు తీసేసి దేశమంతటికీ ఒకే రకం ఎంబీబీఎస్ డాక్టరు చాలన్నారు. ఉద్దేశం మంచిదే. పల్లెటూరివాడికి సగం డాక్టరెందుకు అన్న పట్టుదల అది. కానీ ఎంబీబీఎస్‌లు ఊళ్లకు రాలేదు. మధ్య మెట్టు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలోకి నర్సు రావచ్చు. ఆరెంపీ వచ్చాడు. ఇది నా ఊహే, ఏ కమిటీ ఇలా రాయలేదు. కానీ చౌరస్తాకు వెళ్లి నిలబడితే కనిపించేది ఇదే.

1947 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం చాలా చిన్నది, టీ తాగుతూ చదివేయొచ్చు. కౌన్సిల్లో ఎవరుండాలి, ఏ రాష్ట్రపు అర్హత ఏ రాష్ట్రంలో చెల్లుతుంది, పరీక్షలు, తనిఖీలు, జాతీయ రిజిస్టర్. ఇంతే. నర్సు అనే మనిషి తనంతట తాను ఏం చేయొచ్చు అన్న ప్రశ్నే అందులో లేదు. డబ్బు తీసుకోవచ్చా అని వెతికాను. తీసుకోవచ్చని లేదు, తీసుకోకూడదని కూడా లేదు. పెద్దమ్మ భయం ఏ సెక్షన్ నుంచీ రాలేదు, ఏ సెక్షనూ లేకపోవడం నుంచి వచ్చింది.

మా భాషలో చెప్పాలంటే, యూజర్ టేబుల్ శుభ్రంగా కట్టారు, పర్మిషన్ టేబుల్ ఖాళీగా వదిలేశారు. ఈ మధ్య నర్సింగ్ కౌన్సిల్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ తెచ్చి ఒక్కొక్క నర్సుకు జాతీయ నంబరు కూడా ఇస్తోంది. యూజర్ టేబుల్ ఇంకా శుభ్రమైంది.

మరి ఇన్నేళ్లూ పనెట్లా నడిచింది? వేరేవాళ్ల లాగిన్‌తో. రాత్రి రెండింటికి వార్డులో పేషెంటుకు ఆయాసం వస్తుంది. డ్యూటీ డాక్టరు ఇంకో వార్డులో ఉంటాడు, ఫోన్లో "ఫలానా ఇంజెక్షన్ ఇచ్చెయ్ సిస్టర్" అంటాడు. ఆమె ఇచ్చేస్తుంది, కేస్ షీట్లో రాసుకుంటుంది, పొద్దున ఆయన వచ్చి సంతకం పెడతాడు. నిజానికి ఏ మందు కావాలో ఫోన్ చేయకముందే ఆమెకు తెలుసు. చాలాసార్లు ఫోన్లో ఆ పేరు ముందు పలికేది ఆమే. పేషెంటు బతికితే అది డాక్టరు ఆర్డరు. ఏమన్నా అయితే, "నేనట్లా చెప్పలేదు" అన్న ఒక్క మాట చాలు. పెద్దమ్మ సర్వీసులో ఒకసారి ఇలాగే అయింది. ఏ దవాఖానో ఇక్కడ అనవసరం. ఎంక్వైరీలో తేలిందేమీ లేదు. కానీ ఆ తర్వాత సంతకం కాని ఆర్డర్ల పక్కన టైముతో పాటు, ఆ మాట విన్న ఆయమ్మ పేరు కూడా రాసుకునేదట.

వార్డు బయట కూడా ఇదే పద్ధతి, కాకపోతే డాక్టరు బదులు బిల్డింగు. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని మినహాయింపుల పట్టిక ఒకటుంది. లైసెన్సు లేకుండా మందులు ఎవరివ్వొచ్చో అందులో ఉంటుంది. అర్బన్ ఫ్యామిలీ వెల్ఫేర్ సెంటర్లకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, సబ్ సెంటర్లకు 'అటాచ్' అయిన నర్సులు, ఏఎన్ఎంలు అందులో ఉన్నారు. ఆ పక్కనే అంగన్‌వాడీ కార్యకర్తలు కూడా ఉన్నారు. నాకు అటాచ్డ్ అన్న ఆ ఒక్క మాట దగ్గర చూపు ఆగిపోయింది. నైపుణ్యం మనిషిదైతే, అనుమతి గోడలది. రిటైరైన రోజున పెద్దమ్మ గోడల బయటికి వచ్చింది, అనుమతి లోపలే ఉండిపోయింది.

ఏఎన్ఎంల కథ ఇంకా చిత్రం. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో ఈ కోర్సు మొదలైంది. ఊళ్లో కాన్పులు చేయడానికి తయారుచేసిన మనిషి ఆమె. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వచ్చి ఆమెను బహుళార్థ కార్యకర్త చేసింది. టీకాలు, కుటుంబ నియంత్రణ టార్గెట్లు, రిజిస్టర్లు. చేతిలోంచి కాన్పు జారిపోయి కాగితం వచ్చింది. మళ్లీ 2005లో, తల్లుల మరణాలు తగ్గించాలన్నప్పుడు, కేంద్రమే గైడ్‌లైన్స్ రాసి, కాన్పు తర్వాత రక్తస్రావానికి, గుర్రపువాతానికి మొదటి డోసు ఇంజెక్షన్లు ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు ఇవ్వొచ్చంది. ప్రాణం పోయే చోట అనుమతి వచ్చింది. చట్టంగా కాదు, మార్గదర్శకంగా.

అబార్షన్ చట్టం దగ్గరికొస్తే అదీ లేదు. 1971 ఎంటీపీ చట్టం మళ్లీ ఆర్ఎంపీకే, అసలు ఆర్ఎంపీకే. 2014లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చి నర్సులు, ఏఎన్ఎంలను కూడా చేర్చాలనుకుంది. డాక్టర్ల సంఘాలు ఒప్పుకోలేదు. 2021లో సవరణ వచ్చినప్పుడు వారాల గడువు పెరిగింది, నర్సుల మాట మాయమైంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన రోజు వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో కూడా నర్సు ఉంది, పేషెంటుకీ ఆర్ఎంపీకీ మధ్య తీగలా.

ఇన్ని చట్టాల్లో 'స్వతంత్రంగా' అన్న మాట నాకు ఒక్కచోటే దొరికింది, అదీ డాక్టర్ల చట్టంలో. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్. 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అనేవాళ్లకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చు, ప్రాథమిక వైద్యంలో నిర్ణీత మందులు వాళ్లు స్వతంత్రంగా రాయొచ్చు, వాళ్ల సంఖ్య లైసెన్సున్న డాక్టర్లలో మూడో వంతు దాటకూడదు అంటుంది. వాళ్లెవరు? ఆధునిక వైద్య వృత్తితో సంబంధమున్న వ్యక్తి అని మాత్రమే ఉంది, నర్సు అన్న పేరు లేదు. ఆ సెక్షన్ మీద 2019 జులై 31న ఐఎంఏ దేశవ్యాప్తంగా సమ్మె చేసింది. నర్సులకు సంబంధించిన అంత పెద్ద గొడవలో నర్సుల గొంతు ఎంత వినిపించిందో అప్పటి పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది.

డాక్టర్ల భయాన్ని కొట్టిపారేయడం తేలిక, నేనా పని చేయను. పేదవాడికి నర్సు, ఉన్నవాడికి స్పెషలిస్టు అన్న రెండంతస్తుల వైద్యం వస్తుందన్నది భోర్ కమిటీ నాటి అనుమానమే, ఇంకా తీరలేదు. కానీ మన రాష్ట్రంలోనే ఒక జవాబు కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఇది డాక్టర్లు తక్కువై వచ్చిన జబ్బు కాదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌తో కలిసి 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చి, మామూలు కాన్పును మిడ్‌వైఫ్ తన బాధ్యతమీద నడిపే విడి యూనిట్ల గురించి రాసింది. 1902లో ఓడ ఎక్కని వాక్యం 2018లో దిగింది, మళ్లీ మార్గదర్శకంగానే. ఇక్కడ నర్సు సగం డాక్టరు కాదు. డాక్టరు తొందరపడే చోట ఆగి చూసే మనిషి.

అమెరికా పోయిన మనవాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. అక్కడ 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టారు. 1971లో ఐడహో రాష్ట్రం చట్టంలోనే చోటిచ్చింది. డాలస్‌లో ఉండే మా బావమరిది పిల్లాడి చెవినొప్పికి తీసుకెళ్తే చూసింది నర్స్ ప్రాక్టీషనరే. ఇంటికొచ్చి "డాక్టరమ్మ చూసింది" అని ఫోన్లో చెప్పాడు. ఆ టెక్సస్‌లో కూడా ఆమె మందు రాయాలంటే ఒక డాక్టరుతో ఒప్పందం ఉండాలి. అంటే అక్కడా అంతా తేలిపోలేదు. కానీ ఏ రాష్ట్రంలో ఎంతవరకు అన్నది కాగితం మీద ఉంది, చూసుకోవచ్చు.

మన కాగితం 2023లో వచ్చింది. నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆగస్టులో పార్లమెంటు దాటింది, 1947 చట్టాన్ని రద్దు చేయడానికి. కమిషన్, మూడు బోర్డులు, రాష్ట్ర కమిషన్లు, రిజిస్టర్లు, కాలేజీలకు రేటింగ్. చదువు గురించి చాలా ఉంది. అవసరమే, మన దగ్గర నర్సింగ్ కాలేజీల సంగతి తెలియనిదెవరికి? రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ పట్టాలు చాలావరకు వచ్చేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచే. కానీ పట్టా మీద సంతకం ఆరిన తర్వాత ఆ పిల్ల ఏం చేయొచ్చు అన్నది మళ్లీ రాబోయే నిబంధనల మీదే ఆధారపడింది.

అసలు నర్సులు ఆ నిబంధనల నుంచి ఏం ఆశిస్తున్నారు? నేను సర్వే చేయలేదు. మా నాన్నకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఒక ఏజెన్సీ నుంచి ఇంటికొచ్చిన నర్సు చెప్పింది మాత్రం గుర్తుంది. హనుమకొండలో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు ఎన్నో లెక్కలేదు, ఆ అమ్మాయికి ఖాళీ ఉండేది కాదు. మేం ఏజెన్సీకి కట్టేదాంట్లో ఆమె చేతికొచ్చేది సగానికి కాస్త ఎక్కువ. "నా పేరు మీద నేనే వస్తే ఎట్లుంటదన్నా?" అని ఒకరోజు తనే అంది. ఏం అడ్డమని అడిగితే వేళ్లమీద చెప్పింది. తన పేరున రసీదు ఇస్తే చెల్లాలి. పొరపాటు జరిగితే ఇన్సూరెన్స్ ఉండాలి. పుండు చీము పట్టినప్పుడు ఎవరికీ ఫోన్ చేయకుండా ఏమేం చేయొచ్చో ఒక లిస్టు ఉండాలి, ఎప్పుడు కచ్చితంగా ఫోన్ చేయాలో కూడా అదే లిస్టులో ఉండాలి. "డాక్టర్ పని మాకెందుకన్నా. మా పని మాదని రాస్తే చాలు." రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఐసీయూలో పనిచేసే ఇంకొకామె మాత్రం దీనికి ఒప్పుకోలేదు. కోర్సు వచ్చింది కానీ ఆ పేరుతో పోస్టు రాలేదని, మందు రాసే హక్కు లేకపోతే చదివిందంతా దండగని ఆమె వాదన. ఇద్దరూ ఒకే చట్టం వైపు చూస్తున్నారు, కోరేది మాత్రం ఒకటి కాదు. నాకు మొదటి అమ్మాయి జాబితానే ముందు రావాలనిపిస్తుంది. హక్కుకంటే ముందు రక్షణ కావాల్సినవాళ్లే ఎక్కువ.

ఇదంతా చదివి, కొంత గర్వంగా, పెద్దమ్మకు చెప్పాను. డబ్బు తీసుకోవద్దని ఎక్కడా లేదు పెద్దమ్మా అన్నాను. ఆమె అల్మారా మీదనుంచి పొడుగాటి నోటుబుక్ తీసి చూపించింది. గేటు తీసినవాళ్లందరి లెక్కా అందులో ఉంది. తేదీ, పేరు, బీపీ, చేసిన పని. వార్డులో అలవాటైన గడులే గీసుకుంది. చివరి గడికి 'ఎవరు చెప్పిండ్రు' అని హెడ్డింగు. చీటీ తెచ్చిన వాళ్లకు డాక్టరు పేరుంది. మిగతా చోట్ల అడ్డగీత.

"గీ కొత్త చట్టంల రిటైరైనోళ్ల రిజిస్ట్రేషన్ ముచ్చట ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. ఉద్యోగం అయిపోయినా రెన్యువల్ మాత్రం మానలేదట, గడువు మళ్లీ దగ్గరికొస్తోందట. చూసి చెప్తానన్నాను. ఈలోపు గేటు చప్పుడైంది.